గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలు?

మా నాన్న పోయింది ఒక జనవరి మంగళవారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలకి. తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చి కావలిలో మా ఇంటి ముందు కారు దిగింది గురువారం ఉదయం 8.45కి. మధ్యలో 50 గంటల 35 నిమిషాలు. మూడేళ్ళు కావస్తున్నా ఆ లెక్క నాకు ఒక్క నిమిషం తేడా లేకుండా గుర్తుంది.

ఆ మంగళవారం పొద్దున, ఇంకా షామియానా కూడా వేయకముందే, మా బాబాయి ఒకాయన ఫోన్ తీసి డల్లాస్ నుంచి చెన్నైకి ఎంత దూరమో కొట్టి చూశాడు. 14,900 కిలోమీటర్లు, 17 గంటలు అని వచ్చింది. వాకిట్లో నిలబడ్డ అందరికీ వినబడేలా చెప్పాడు. "పదిహేడు గంటలేనంట. ఎట్ట చూసుకున్నా రేపు మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాడు. రేపు నాలుగింటికి ఎత్తుదాం." ఆయన మంచి మనిషి. ఆ రోజంతా మా ఇంటికి కొడుకులా నిలబడ్డాడు. ఆయన చెప్పిన దూరం కూడా తప్పు కాదు. కానీ ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో రెండు రోజులు ఎలా గడిచాయో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బుధవారం నాలుగింటికి అని ఒంగోలుకి, నెల్లూరుకి, ఉదయగిరికి కబురు వెళ్ళింది. చుట్టాలంతా బుధవారం మధ్యాహ్నానికి వచ్చేశారు. నాలుగయింది. తమ్ముడు అప్పటికి దుబాయ్‌లో ఒక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆరింటికన్నారు, తర్వాత రాత్రికన్నారు, తర్వాత తెల్లవారుజామున అన్నారు. పెద్దవాళ్ళు కొందరు తిరిగి వెళ్ళిపోయి, మళ్ళీ పొద్దున వచ్చారు. కొందరు రాలేకపోయారు. వాళ్ళని నేనేమీ అనను, బస్సెక్కి డెబ్బై కిలోమీటర్లు రెండు సార్లు తిరగడం డెబ్బై ఏళ్ళ వాళ్ళకి మాటలు కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, అమ్మ ఒక ఎత్తు. ఫ్రీజర్ బాక్సు పక్కన పెట్టుకున్న ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, ఆ అద్దం మీద తేమ పడుతూనే ఉంటుంది. ముఖం మసక బారుతుంది. అమ్మ ఐదు నిమిషాలకోసారి చీర కొంగుతో ఆ అద్దం తుడిచేది. ముఖం దగ్గర మాత్రమే, గుండ్రంగా. తుడిచి గేటు వైపు చూసేది. "యాడుండాడంటమ్మా ఇప్పుడు?" అని నన్ను అడిగేది. బుధవారం సాయంత్రం నుంచి గురువారం పొద్దున దాకా ఆమె ఎన్నిసార్లు అడిగిందో. రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. బాక్సు మోత ఒక్కసారిగా ఆగిపోయింది. షామియానా అబ్బాయి జనరేటర్ వేసేదాకా ఆ నిశ్శబ్దంలో అమ్మ రెండు చేతులూ అద్దానికి ఆనించి కూర్చుంది.

దినకర్మలన్నీ అయిపోయాక ఒక రోజు అమ్మ నాతో అంది: "రెండు రోజులు పడుతుందని ముందే చెప్పుంటే నేను మీ నాన్నని అట్టా ఉంచనిచ్చేదాన్ని కాదు. రేపొస్తాడు, మాపొస్తాడు అంటిరి. అందుకని ఊరుకున్నా." తమ్ముడు రాకపోయినా ఫర్వాలేదని కాదు ఆమె మాటకి అర్థం. ఆగాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. తేల్చుకోవడానికి కావలసిన అంకె ఆమె చేతికి రాలేదు. తప్పు అంకె వచ్చింది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆ 17 గంటలు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ఆ పొద్దున నోరు విప్పి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

ఫోన్‌లో కనబడే ఆ దూరం రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం మీద వాటి మధ్య అతి దగ్గరి దారి ఎంతో కట్టిన లెక్క. చెన్నై సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం. డల్లాస్ సుమారు 33 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పడమర. తూర్పు 80, పడమర 97 కలిపితే 177. అంటే ఇంచుమించు 180, రేఖాంశాల లెక్కలో భూమికి దాదాపు అవతలి వైపు. గోడకి తగిలించిన ప్రపంచ పటంలో చూస్తే డల్లాస్‌కి దారి పడమరగా అరేబియా మీదుగా, అట్లాంటిక్ మీదుగా పోయినట్టు కనిపిస్తుంది. గ్లోబు తీసి దారం పెట్టి చూడమని మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఇస్తాను. ఒకళ్ళు చెన్నై మీద వేలు పెడతారు, ఒకళ్ళు డల్లాస్ మీద. దారం బిగించేసరికి అది పడమరకి పోదు. నేరుగా ఉత్తరానికి లేస్తుంది. మన నెల్లూరు మీదుగా, నాగపూర్ పక్కగా, హిమాలయాలు దాటి, టిబెట్, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి 400 కిలోమీటర్ల లోపు నుంచి పోయి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. ప్రతి ఏడూ పిల్లలు ఒకసారి దారం వదిలేసి మళ్ళీ బిగించి చూస్తారు, ఎక్కడో తప్పు పెట్టామేమోనని. ఆ దారం పొడవే 14,900 కిలోమీటర్లు.

ఆ దూరాన్ని గంటకి 900 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలిపితే 17 గంటలొస్తుంది. లెక్కగా ఏ తప్పూ లేదు. కాకపోతే ఆ దారం మీద నడిచే విమానం లేదు. చెన్నై నుంచి డల్లాస్‌కి నేరుగా వెళ్ళే సర్వీసే లేదు. ఉన్నా సరిగ్గా ఆ గీత మీద పోదు. టిబెట్ పీఠభూమి సగటున 4,500 మీటర్లకి పైనే ఉంటుంది. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకి దిగాలి. కింద నేలే అంతకన్నా ఎత్తులో ఉంటే ఎక్కడికి దిగుతాడు? అందుకే ఆ పీఠభూమి మీదుగా పోయే దారులు తక్కువ. దీనికి తోడు దేశాల తగువులు. 2022 నుంచి అమెరికా విమాన సంస్థలు రష్యా మీదుగా ఎగరడం లేదు.

అంత దూరం ఒక్క ఊపున ఎగరగల విమానం లేదా అంటే, ఉంది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి నేరుగా విమానం తిరుగుతోంది, అది 15,300 కిలోమీటర్ల పైచిలుకు, మన చెన్నై డల్లాస్ కన్నా ఎక్కువే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిరిండియా విమానాన్ని అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడుపుకుంటూ వచ్చారు. ఆ వార్త మా పిల్లలకి ప్రతి ఏడూ చెప్తాను, ఆడపిల్లలు తల ఎత్తి వింటారు. కానీ అంత దూరం నేరుగా ఎగరాలంటే ఆ ఇంధనాన్ని మోయడానికే బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. రోజూ సీట్లు నిండేంత మంది కావాలి. కాబట్టి మనకి దక్కేది ఎక్కడో ఒక చోట దిగి మారే ప్రయాణమే.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన లెక్క ఒకటుంది. చెన్నై నుంచి దుబాయ్ సుమారు 2,930 కిలోమీటర్లు. దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 12,920. రెండూ కలిపితే 15,850. నేరు దారి కన్నా ఎక్కువైంది 950 కిలోమీటర్లు. మనం నెల్లూరు నుంచి రోడ్డు మీద హైదరాబాద్ పోయి తిరిగొచ్చినంత. విమానానికి అది గంట పైన కాస్త. అంటే దుబాయ్ మీదుగా రావడం వల్ల దూరం పెద్దగా పెరగదు. పెరిగేది కాలం. అదీ గాలిలో కాదు, నేల మీద.

మా తమ్ముడి ప్రయాణాన్ని నేను తర్వాత కాగితం మీద విడదీశాను. అప్పుడు మనకీ డల్లాస్‌కీ పదకొండున్నర గంటల తేడా. నాన్న పోయినప్పుడు అక్కడ సోమవారం సాయంత్రం 6.40. ఆ సాయంత్రం బయల్దేరే విమానాలు అప్పటికే చేజారాయి. టికెట్ దొరికింది మరునాడు మధ్యాహ్నం 12 గంటలకి. ఫోన్ మోగింది మొదలు వాడు ఇల్లు కదిలే దాకా 13 గంటల 20 నిమిషాలు. ఇల్లు కదిలింది మొదలు విమానం కదిలే దాకా 4 గంటలు. దుబాయ్ దాకా గాలిలో పద్నాలుగున్నర. దుబాయ్‌లో ఎదురుచూపు 9 గంటలు. చెన్నై దాకా గాలిలో 4. ఇమ్మిగ్రేషన్, సామాను గంటంబావు. చెన్నై నుంచి కావలి నాలుగున్నర. అన్నీ కూడితే 50 గంటల 35 నిమిషాలు. అందులో వాడు ఆకాశంలో ఉన్నది పద్దెనిమిదిన్నర గంటలే. మిగతా 32 గంటలూ నేల మీదే గడిచాయి. ఆ 32 గంటలు ఫోన్‌లో కొట్టిన ఏ లెక్కలోనూ లేవు. మా అమ్మ అద్దం తుడుస్తూ కూర్చున్నది ఆ 32 గంటల కోసం.

అందుకే నా మాట ఇది. పరదేశంలో పిల్లలున్న ప్రతి ఇల్లూ విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి లెక్క మానేయాలి. మన గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి, అక్కడి నుంచి ఇక్కడికి విడిగా, ఇక్కడి నుంచి అక్కడికి విడిగా లెక్క కట్టుకోవాలి. కట్టుకున్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ముఖ్యంగా ఇంట్లో పెద్దావిడకి. ఆవిడకి చెప్తే బాధపడుతుందని దాచడం ప్రేమ అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను.

రెండు వైపులా విడిగా అని ఎందుకంటున్నానంటే, పోయే కాలం వచ్చే కాలం ఒకటి కావు. డల్లాస్ నుంచి దుబాయ్ రావడానికి పద్నాలుగున్నర గంటలు పట్టింది. మరుసటి ఏడు మే నెలలో అమ్మ దుబాయ్ నుంచి డల్లాస్ పోవడానికి 16 గంటల 20 నిమిషాలు పట్టింది. దూరం అదే. విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి పెద్ద గాలి నదిలా పారుతుంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకి 150 నుంచి 300 కిలోమీటర్ల వేగం కూడా ఉంటుంది. తూర్పుకి వచ్చే విమానాన్ని అది తోస్తుంది, పడమరకి పోయేదానికి ఎదురొస్తుంది. ఏటి వాలున పడవ ఎలా పోతుందో, ఎదురీదుతూ ఎలా పోతుందో మన పెన్న పక్క వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. కావలి నుంచి చెన్నై విమానాశ్రయం 230 కిలోమీటర్ల పైచిలుకు. ఇటు గన్నవరం కూడా దాదాపు అంతే. ఒంగోలు దాటి అవతల వాళ్ళు అద్దంకి నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకుని శంషాబాద్ పోతారు. మేము మాత్రం చెన్నైనే నమ్ముకుని ఉన్నాం. ఆ రోజు తమ్ముణ్ణి తీసుకురావడానికి మా ఆయన వెళ్ళాడు. జనవరి మంచు, తడ దాటేదాకా అద్దం మీద వైపర్ ఆగలేదట. తమ్ముడు టీ కూడా వద్దన్నాడట. సూళ్ళూరుపేట టోల్ దగ్గర "బావా, ఇంకెంతసేపు?" అన్నాడట. బూదనం టోల్ దగ్గర మళ్ళీ అడిగాడట. వెంకటాచలం దగ్గర అడగలేదట, ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాడట. ఇరవై గంటల ముందు సముద్రాలు దాటి వచ్చినవాడికి ఆ చివరి నాలుగున్నర గంటలే ఎక్కువ దూరమనిపించిందని తర్వాత చెప్పాడు.

ఆ దారిలోనే సూళ్ళూరుపేట నుంచి తూర్పుకి చీలేది శ్రీహరికోట రోడ్డు. అక్కడ లేచిన పీఎస్ఎల్‌వీ పావుగంట దాటీ దాటకుండానే ఉపగ్రహాన్ని కక్ష్యలో వదులుతుంది, ఆ ఉపగ్రహం సుమారు గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. రాకెట్ లేచినప్పుడల్లా మా స్కూలు మేడ మీదకి పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాను. దాని వేగం చూసి నాకు గర్వం. దాని పక్క రోడ్డు మీద మనిషి ఇంటికి చేరే వేగం చూస్తే దిగులు.

దగదర్తిలో విమానాశ్రయం వస్తే ఇదంతా తీరిపోతుందని మా ఊళ్ళో చాలామంది అంటారు. 2019లో శంకుస్థాపన కూడా అయింది. రావాలి, తప్పకుండా రావాలి. కావలి నుంచి అరగంటలో పోయేంత దగ్గర. గుండె జబ్బుతోనో, కిడ్నీ మార్పిడికనో ఉన్నపళంగా పెద్ద ఊరికి పోవాల్సిన వాళ్ళకి అది ప్రాణంతో సమానం. కానీ డల్లాస్ లెక్కలో అది ఎంత తగ్గిస్తుందన్నది వేరే ప్రశ్న. ఇక్కడ ఎక్కి హైదరాబాద్‌లోనో, ఢిల్లీలోనో దిగి, అక్కడ పెద్ద విమానం కోసం ఆరేడు గంటలు కూర్చోవలసి వస్తే రోడ్డు మీద మిగిలిన కాలం కుర్చీలో పోతుంది. మన ఊరికి రోజుకి ఎన్ని విమానాలొస్తాయి, ఏ వేళకి వస్తాయి అన్నదాని మీదే అంతా ఉంటుంది. రన్‌వే గురించి అడిగినంత గట్టిగా విమానాల వేళల గురించి కూడా అడగాలని నా అభిప్రాయం.

అమ్మ డల్లాస్ ప్రయాణం నాకు ఇంకా చాలా నేర్పింది. టికెట్ మీద శనివారం 3.50కి బయల్దేరి శనివారం 17.10కి చేరినట్టు ఉంది. మా పక్కింటావిడ చూసి "పదమూడు గంటల్లోనే పోతుందే" అంది. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. మే నెలలో అక్కడ గడియారం గంట ముందుకి జరిపి ఉంటుంది కాబట్టి తేడా పదిన్నర గంటలు. కనబడే 13 గంటల 20 నిమిషాలకి ఆ పదిన్నర కలిపితే 23 గంటల 50 నిమిషాలు. అదీ చెన్నై నుంచి డల్లాస్ దాకానే. మేము కావలిలో బయల్దేరింది శుక్రవారం సాయంత్రం 6 గంటలకి. అమ్మ తమ్ముడి ఇంట్లో అడుగు పెట్టింది మన టైము ప్రకారం ఆదివారం తెల్లవారుజామున 5.45కి. గుమ్మం నుంచి గుమ్మానికి 35 గంటల 45 నిమిషాలు.

ఆ శనివారం 3.50 అన్నది ఇంకో ఉచ్చు. తెల్లవారుజామున 3.50 అంటే మూడు గంటల ముందు చెన్నైలో ఉండాలి, అంటే శుక్రవారం రాత్రి ఒంటిగంట లోపు, అంటే కావలిలో శుక్రవారం సాయంత్రమే కదలాలి. మా చుట్టాల్లో ఒక జంట ఇలాంటి టికెట్టే పెట్టుకుని, శనివారం పొద్దున సామాను సర్దుకుంటూ ఉన్నారు. అప్పటికి వాళ్ళ విమానం లేచి నాలుగు గంటలైంది. ఆవిడ ఏడుపు నేను ఫోన్‌లో విన్నాను. అందుకని అమ్మ టికెట్ రాగానే ప్రింటు మీద ఎర్ర స్కెచ్‌తో "శుక్రవారం సాయంత్రం ఆరింటికి కారు" అని రాసి బీరువా తలుపుకి అంటించాను.

అమ్మకి టికెట్ ఎంచేటప్పుడు తమ్ముడికీ నాకూ వాదన జరిగింది. వాడు చూపించిన ఒక దారి మొత్తం రెండు గంటలు తక్కువ, ధర కూడా తక్కువ. కానీ అందులో రెండు చోట్ల మారాలి, రెండోది అమెరికాలోనే ఇంకో ఊళ్ళో. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్, అక్కడే సామాను తీసుకుని మళ్ళీ అప్పగించాలి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంగ్లీషు రాదు, పదహారు గంటలు కూర్చుని కాళ్ళు వాచి దిగి, రెండు పెట్టెలు బెల్టు మీద నుంచి లాగి మళ్ళీ ఎక్కించి, ఇంకో గేటు వెతుక్కోవాలి. ఆ రెండు గంటల మిగులు ఆమె ఒంటి మీద నుంచి తీసుకున్నదే అవుతుంది. నేను ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళ ప్రయాణాన్ని గంటల్లో కాదు, ఎన్నిసార్లు లేచి మారాలి అన్నదాంట్లో కొలవాలి. ఒక్కసారి మారడం, మధ్యలో మూడు గంటలకి తక్కువ కాకుండా, ఐదుకి మించకుండా ఆగడం, అమెరికాలో దిగేది పిల్లలున్న ఊళ్ళోనే కావడం. ఇది దొరికితే ఓ పది వేలు ఎక్కువైనా పెట్టాలి.

వీల్‌చైర్ కూడా పెట్టించాం. అమ్మ మొదట వద్దంది, నాకేం కాళ్ళు లేవా అంది. కాళ్ళ కోసం కాదమ్మా, తోడు కోసం అని చెప్పాను. వీల్‌చైర్ తోసే మనిషి గేటు దాకా తీసుకెళ్తాడు, కౌంటర్ల దగ్గర దారి చూపిస్తాడు. విమానంలో రెండు గంటలకోసారి లేచి నడవమని చెప్పాను. లోపలి గాలి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా, బాగా పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్ళు తాగమన్నాను. తాగిందట. నడిచిందట కూడా. దిగాక ఫోన్‌లో మొదటి మాట: "పొద్దు గూకనే లేదమ్మే, కిటికీలో ఒకటే ఎండ." దుబాయ్‌లో పొద్దున ఎక్కి పొద్దుతో పాటే పడమరకి పోయింది కదా, సూర్యుడు ఆమెని వదలలేదు. నేను ఆ మాట క్లాసులో చెప్పాను.

నేను ఇలా లెక్కలు కడుతుంటే కొందరికి నచ్చలేదు. మనిషి బతికుండగానే చావు టైముకి కొడుకు ఎన్ని గంటల్లో వస్తాడని లెక్కేసుకోవడమేమిటి, అశుభం కాదా అన్నారు మా అత్తగారి తరఫు వాళ్ళు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మా తాతల కాలంలో ఇదే లెక్క ప్రతి ఇంట్లో ఉండేది. కూతురిని ఇచ్చేటప్పుడు ఆ ఊరు ఎన్ని ఆమడలు, తెల్లారి బండి కడితే ఏ వేళకి చేరతాం, ఏరు పొంగితే ఎన్నాళ్ళు ఆగిపోతాం అని అడిగేవాళ్ళు. కబురు పంపితే ఎప్పటికి రాగలదు అన్నది తెలిసే ఇచ్చేవాళ్ళు. దాన్ని ఎవరూ అశుభం అనలేదు. పిల్లలు 15 వేల కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడే మనం ఆ ప్రశ్న అడగడం మానేశాం.

ఇంకొకటి, గంటల్లో పడనిది. మా తమ్ముడికి ఆ ఏడు వీసా స్టాంపింగ్, అంటే తిరిగి అమెరికాలో అడుగు పెట్టడానికి పాస్‌పోర్టులో ఉండాల్సిన వీసా ముద్ర, ఉంది కాబట్టి వచ్చి వెళ్ళగలిగాడు. వాడి స్నేహితుడు, మా పక్క ఊరి అబ్బాయే, స్టాంపింగ్ లేక, వస్తే తిరిగి పోగలడో లేదో తెలియక, తల్లి దహనాన్ని వీడియోలో చూశాడు. అతనికి డల్లాస్ నుంచి ఇంటికి దూరం ఎంత అని ఏ గ్లోబు మీద కొలవాలి? ఆ సంగతి కూడా ఇంట్లో వాళ్ళకి ముందే తెలిసుండాలి. ఆ తండ్రి ఒకటిన్నర రోజు ఆగాక గానీ కొడుకు రాలేడన్న మాట ఎవరూ చెప్పలేదు.

పోయిన నెలలో నేను ఒక తెల్ల కాగితం మీద రెండు వరుసలు రాశాను. ఇక్కడి నుంచి అక్కడికి, అన్నీ కలిసొస్తే 36 గంటలు. అక్కడి నుంచి ఇక్కడికి, అప్పటికప్పుడు బయల్దేరాల్సి వస్తే, తక్కువలో తక్కువ 36, మామూలుగా 50. అమ్మ ముందు పెట్టి ప్రతి ముక్కా చదివి చెప్పాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆ 50 మీద కాసేపు వేలు ఆనించింది.

"నాకైతే ఆ పూటకి ఆ పూటే కానీయండి. నన్ను ఆ పెట్టెలో పెట్టబాకండి. వాడు వచ్చినప్పుడు వస్తాడు. నువ్వుండావు గదా, నువ్వే పెట్టు కొరివి" అంది.

నాన్నప్పుడు ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది. ఇంట్లోనే ఉన్నాను, పెద్దదాన్ని, అయినా నేను చేస్తానని అనలేకపోయాను. ఇప్పుడు అమ్మే అంది. కాగితం కింద అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. తేదీ వేశాను. అమ్మ సంతకం పెట్టింది. ఫొటో తీసి తమ్ముడికి పంపాను.

ఆ రోజు జవాబు రాలేదు. మరునాడు పొద్దున నేను స్కూలుకి బయల్దేరుతుంటే ఫోన్ చేశాడు. అమ్మ చెప్పినట్టే చేద్దామక్కా అన్నాడు. గొంతు బాగాలేదు. కాసేపాగి, ఈసారి సంక్రాంతికి టికెట్ చూస్తున్నానని, పిల్లల్ని కూడా తీసుకొస్తానని, మూడు వారాలు ఉంటానని చెప్పాడు.

ఎన్ని గంటల ప్రయాణం పెట్టావురా అని అడిగాను.

"ముప్పై ఏడక్కా. మా ఇంటి తలుపు వేసింది మొదలు అమ్మ గుమ్మం దాకా లెక్కేసే చెప్తున్నా."